1600 మీటర్ల పరుగు: సగటు వేగాన్ని ఎలా లెక్కించాలి, లెక్క ఎక్కడ తప్పుతుంది?

తెలంగాణలో 2022లో వెలువడిన పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం పురుష అభ్యర్థులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలోపు పరుగెత్తాలి. ఒక్క సెకను దాటినా ఆ తర్వాతి దశ ఉండదు. అభ్యర్థులు ‘ఈవెంట్స్’ అని పిలుచుకునే ఈ దేహదారుఢ్య పరీక్షల కోసం తెలుగు రాష్ట్రాల్లో వేలాది మంది యువతీయువకులు తెల్లవారుజామునే కాలేజీ మైదానాల్లో, ఊరి బయట రోడ్ల మీద సాధన చేస్తుంటారు. చేతిలో ఫోనో, వాచీయో ఉంటుంది. అందులో కనిపించే అంకెను సరిగ్గా అర్థం చేసుకోలేకపోతే నెలల సాధన వృథా కావచ్చు.

సగటు వేగం ఆరో తరగతి లెక్కే. దూరాన్ని కాలంతో భాగించాలి, అంతే. కానీ ఆ దూరాన్ని ఎలా కొలిచారు, కాలాన్ని ఎలా రాశారు, సగటును దేని మీద తీశారు అన్న మూడు చోట్ల లెక్క తప్పుతుంది.

మొదటి మెట్టు: అంతా సెకన్లలోకి

పై ఉదాహరణే తీసుకుందాం. 7 నిమిషాల 15 సెకన్లు అంటే 435 సెకన్లు. 1600ను 435తో భాగిస్తే 3.68 వస్తుంది. అంటే సెకనుకు 3.68 మీటర్లు. దీన్ని 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. భిన్నాలను గుండ్రంగా సవరించకుండా చేస్తే ఫలితం 13.24. పోటీ పరీక్షల అంకగణితంలో నేర్చుకునే 18/5 గుణకం ఇదే.

ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. 7 నిమిషాల 15 సెకన్లను కాలిక్యులేటర్‌లో 7.15 అని కొట్టేస్తారు. నిమిషానికి 60 సెకన్లు కాబట్టి 15 సెకన్లంటే పావు నిమిషం. సరైన దశాంశ రూపం 7.25. రెండింటి మధ్య తేడా 0.1 నిమిషం, అంటే 6 సెకన్లు. 7.15తో లెక్క కడితే కావాల్సిన వేగం గంటకు 13.43 కిలోమీటర్లుగా తేలుతుంది. ఈ తప్పు కష్టపెడుతుందే తప్ప నష్టం చేయదు. తిరగేసి చదివినా పొరపాటే. యాప్‌లో 7.40 నిమిషాలు అని దశాంశంలో కనిపిస్తే దాని అర్థం 7 నిమిషాల 24 సెకన్లు. కాబట్టి నిమిషాలను సెకన్లుగా మార్చాకే భాగహారం మొదలుపెట్టడం క్షేమం.

వడి వేరు, వేగం వేరు

తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివినవారికి ఇక్కడ ఒక సందేహం రావాలి. పాఠ్యపుస్తకాలు ‘వడి’ని, ‘వేగా’న్ని వేరుగా చెబుతాయి. ప్రయాణించిన మొత్తం దూరాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది సగటు వడి. మొదలుపెట్టిన చోటు నుంచి చేరిన చోటుకు ఉన్న సరళరేఖా స్థానభ్రంశాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది సగటు వేగం. 400 మీటర్ల ట్రాక్ మీద సరిగ్గా నాలుగు రౌండ్లు తిరిగితే మనిషి బయల్దేరిన చోటికే చేరుకుంటాడు. స్థానభ్రంశం సున్నా. కాబట్టి పుస్తకం భాషలో అతని సగటు వేగం కూడా సున్నాయే, చెమటలు కక్కేలా పరుగెత్తినా సరే.

మైదానంలో, పత్రికల్లో, వాడుకలో ‘వేగం’ అన్నప్పుడు ఉద్దేశం ‘వడి’ మాత్రమే. ఈ వ్యాసంలోనూ అంతే.

పేస్: అదే లెక్క, తలకిందులుగా

కారుకు గంటకు ఇన్ని కిలోమీటర్లు అంటాం. పరుగెత్తేవారు మాత్రం కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకుంటారు. దీన్నే పేస్ అంటున్నారు. ఇక్కడ కాలాన్ని దూరంతో భాగించాలి. 435 సెకన్లను 1.6తో భాగిస్తే 271.9, అంటే కిలోమీటరుకు సుమారు 4 నిమిషాల 32 సెకన్లు.

ఒకదాని నుంచి మరొకదానికి మారడం తేలిక. 60ని గంటకు కిలోమీటర్లతో భాగిస్తే పేస్ నిమిషాల్లో వస్తుంది. గంటకు 12 కిలోమీటర్లంటే పేస్ 5 నిమిషాలు. గంటకు 10 అంటే 6 నిమిషాలు. వేగంలో అంకె పెద్దదైతే మంచిది, పేస్‌లో చిన్నదైతే మంచిది. 

ట్రాక్ మీద సాధన చేసేవారికి ఇంకో చిట్కా పనికొస్తుంది. 400 మీటర్ల రౌండుకు పట్టిన సెకన్లతో 1440ని భాగిస్తే నేరుగా గంటకు కిలోమీటర్లు వస్తాయి. 400ను 3.6తో గుణిస్తే వచ్చేదే ఈ 1440. రౌండుకు 120 సెకన్లు పడితే గంటకు 12 కిలోమీటర్లు, 90 సెకన్లు పడితే 16.

ఏ పరీక్షకు ఎంత వేగం?

కొన్ని నియామకాల్లో అడిగిన సమయాలను ఈ పద్ధతిలో మార్చి చూస్తే పోలిక స్పష్టమవుతుంది. గడువులు నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసేవారు తమ నోటిఫికేషన్‌లోని అంకెనే తీసుకోవాలి.

- తెలంగాణ కానిస్టేబుల్ (2022), పురుషులు: 7 నిమిషాల 15 సెకన్లలో 1600 మీటర్లు. గంటకు 13.24 కి.మీ. రౌండుకు 108.75 సెకన్లు.

- తెలంగాణ కానిస్టేబుల్ (2022), మహిళలు: 5 నిమిషాల 20 సెకన్లలో 800 మీటర్లు. గంటకు 9 కి.మీ. రౌండుకు 160 సెకన్లు.

- ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ (2022), జనరల్ పురుషులు: 8 నిమిషాల్లో 1600 మీటర్లు. గంటకు 12 కి.మీ. రౌండుకు 120 సెకన్లు.

- కేంద్ర సాయుధ బలగాల జీడీ కానిస్టేబుల్, పురుషులు: 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు. గంటకు 12.5 కి.మీ. రౌండుకు 115.2 సెకన్లు.

- అదే నియామకం, మహిళలు: ఎనిమిదిన్నర నిమిషాల్లో 1.6 కిలోమీటర్లు. గంటకు 11.29 కి.మీ. రౌండుకు 127.5 సెకన్లు.

- అగ్నివీర్ ర్యాలీ, పూర్తి 60 మార్కులు రావాలంటే: 5 నిమిషాల 30 సెకన్లలో 1.6 కిలోమీటర్లు. గంటకు 17.45 కి.మీ. రౌండుకు 82.5 సెకన్లు.

పురుషుల పరీక్షల్లోనే ఒకే 1600 మీటర్లకు గంటకు 12 నుంచి పదిహేడున్నర కిలోమీటర్ల దాకా తేడా ఉంది. కానిస్టేబుల్ పరుగులో నెగ్గాను కాబట్టి ఆర్మీ ర్యాలీలోనూ నెగ్గుతానని అనుకోవడం కుదరదని ఈ అంకెలే చెబుతున్నాయి.

సగటుల సగటు తీస్తే తప్పు

ఇప్పుడు చాలామంది చదువుకున్నవారు కూడా జారిపడే చోటు. ఒక అభ్యర్థి మొదటి 800 మీటర్లు గంటకు 16 కిలోమీటర్ల వేగంతో, మిగతా 800 మీటర్లు గంటకు 11 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తాడనుకుందాం. 16, 11 కలిపి రెండుతో భాగిస్తే 13.5. కావాల్సింది 13.24. నెగ్గినట్టే కదా?

కాదు. మొదటి 800 మీటర్లకు 180 సెకన్లు పట్టాయి. రెండో 800 మీటర్లకు సుమారు 262 సెకన్లు. మొత్తం 442, అంటే 7 నిమిషాల 22 సెకన్లు. అతను ఏడు సెకన్ల తేడాతో బయటికి వెళ్లిపోతాడు. అసలు సగటు గంటకు 13.04 కిలోమీటర్లే.

కారణం చిన్నదే. వేగంగా పరుగెత్తిన భాగం త్వరగా అయిపోతుంది. నెమ్మదిగా సాగిన భాగం ఎక్కువ సేపు నడుస్తుంది. కాబట్టి సగటు మీద నెమ్మది భాగం ప్రభావమే ఎక్కువ. దూరాలు సమానమైనప్పుడు సరైన సూత్రం ఇది: రెండు వేగాల లబ్ధాన్ని రెట్టింపు చేసి, వాటి మొత్తంతో భాగించాలి. దీన్నే హరాత్మక సగటు అంటారు. మామూలు సగటు సరిపోయేది రెండు వేగాలతోనూ సమానమైన సమయం పరుగెత్తినప్పుడే.

ఎత్తుపల్లాల రోడ్డుకూ ఇదే వర్తిస్తుంది. హైదరాబాద్ వంటి నగరంలో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పోయిన వేగం దిగేటప్పుడు తిరిగి వస్తుందని అనుకుంటారు. ఎక్కేటప్పుడు గంటకు 8, దిగేటప్పుడు అంతే దూరానికి గంటకు 12 అయితే సగటు 10 కాదు, 9.6.

సూత్రాలు గుర్తులేకపోయినా భయం లేదు. వేగాలను కలపకూడదు, కాలాలను కలపాలి. మొత్తం దూరం, మొత్తం కాలం తీసుకుంటే ఎప్పుడూ తప్పు జరగదు.

ఆఖరి రౌండులో పూడ్చుకోవచ్చా?

మైదానాల్లో తరచూ వినిపించే సలహా: మొదట్లో ఊపిరి దాచుకో, చివరి రౌండులో లాగెయ్. లెక్క కట్టి చూద్దాం. తెలంగాణ గడువు ప్రకారం రౌండుకు 108.75 సెకన్లు. ఒకరు మొదటి మూడు రౌండ్లను 115 సెకన్ల చొప్పున పూర్తి చేశారు. రౌండుకు ఆరు సెకన్లే కదా అనిపిస్తుంది. కానీ మూడు రౌండ్లకు 345 సెకన్లయ్యాయి. మిగిలింది 90. ఆఖరి రౌండును గంటకు 16 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తాలి. అప్పటిదాకా సాగిన వేగం గంటకు పన్నెండున్నర. అలసిన కాళ్లతో ఒక్కసారిగా అంత పెంచడం ఎంత కష్టమో పరుగెత్తినవారికి తెలుసు.

తొలి రౌండును 85 సెకన్లలో ముగించి తర్వాత కుంటుతూ సాగేవారి కథ కూడా దీనికి భిన్నమేమీ కాదు. మధ్య, దూర పరుగుల్లో మంచి ఫలితాలు ఎక్కువగా సమంగా సాగిన పరుగులవే. 2023 అక్టోబర్ 8న చికాగోలో కెన్యాకు చెందిన కెల్విన్ కిప్టుమ్ 2 గంటల 35 సెకన్లలో మారథాన్ ముగించి అప్పటి ప్రపంచ రికార్డును బద్దలుకొట్టాడు. మొదటి సగం 60 నిమిషాల 48 సెకన్లు, రెండో సగం 59 నిమిషాల 47 సెకన్లు. 42.195 కిలోమీటర్ల పరుగులో రెండు సగాల మధ్య తేడా ఒక్క నిమిషం ఒక్క సెకను. సగటు గంటకు 21 కిలోమీటర్లు. భారత్ వైపు చూస్తే, శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ పూర్తి చేశారు. దశాబ్దాల పాటు నిలిచిన ఆ జాతీయ రికార్డు సగటు వేగం గంటకు 19.18 కిలోమీటర్లు.

పొట్టి పరుగు వేగాన్ని పొడవు పరుగుకు అంటగట్టడం ఇంకో పొరపాటు. 100 మీటర్లను 15 సెకన్లలో పరుగెత్తగల యువకులు ప్రతి ఊళ్లో ఉంటారు. అదే వేగం 1600 మీటర్ల దాకా నిలిస్తే 4 నిమిషాల్లో అయిపోవాలి. రోజర్ బానిస్టర్ 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో మైలు పరుగును 3 నిమిషాల 59.4 సెకన్లలో ముగించి చరిత్రకెక్కింది దాదాపు ఆ వేగంతోనే.

దూరం నిజంగా అంతేనా?

కాలాన్ని ఎంత కచ్చితంగా కొలిచినా దూరం తప్పైతే సగటు తప్పే. ప్రామాణిక ట్రాక్‌లో 400 మీటర్లు అనేది అన్నింటికన్నా లోపలి లేన్‌కు, అది కూడా లోపలి అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో కొలిచిన గీతకు వర్తిస్తుంది. ఒక్కో లేన్ వెడల్పు 1.22 మీటర్లు. రెండో లేన్‌లో రౌండు కొడితే 407 మీటర్లు, ఎనిమిదో లేన్‌లో అయితే 453 మీటర్లు. నాలుగో లేన్‌లో నాలుగు రౌండ్లు తిరిగినవారు 1600 కాదు, సుమారు 1689 మీటర్లు పరుగెత్తినట్టు. సాధనలో సమయం ఎక్కువగా వస్తోందని కుంగిపోయే ముందు ఏ లేన్‌లో పరుగెత్తారో చూసుకోవాలి. పరీక్ష రోజున గుంపును తప్పించుకోవడానికి మలుపుల్లో బయటి వైపు పరుగెత్తేవారు తెలియకుండానే అదనపు మీటర్లు మోస్తారు.

1600 మీటర్లను ‘మైలు’ అనడం అలవాటు. అసలు మైలు 1609.344 మీటర్లు. తెలంగాణ గడువు వేగంతో ఆ తొమ్మిది మీటర్ల చిల్లరకు రెండున్నర సెకన్లు పడుతుంది.

ఫోన్‌లోని జీపీఎస్ కొన్ని క్షణాలకోసారి మన స్థానాన్ని అంచనా వేసి ఆ చుక్కలను కలుపుతుంది. ఎత్తైన భవనాల మధ్య, దట్టమైన చెట్ల కింద చుక్కలు అటూఇటూ జరుగుతాయి. ట్రాక్ మలుపుల్లో వంపును కొంత కోసేస్తుంది. అందుకే ఒకే మైదానంలో ఇద్దరి ఫోన్లు రెండు దూరాలు చూపిస్తాయి. గుర్తింపు పొందిన రోడ్డు పరుగుల మార్గాలను మాత్రం ప్రత్యేక కౌంటర్ బిగించి సరిచూసిన సైకిల్‌తో, పరుగెత్తడానికి వీలైన అతి దగ్గరి దారి వెంట కొలుస్తారు. మార్గం పొట్టిగా తేలకుండా కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. ఆ లెక్కన మారథాన్‌కు 42 మీటర్లు.

గడియారం ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు?

చాలా యాప్‌లు మనిషి ఆగగానే గడియారాన్ని కూడా ఆపేస్తాయి. షూ లేసు కట్టుకున్న సమయం, నీళ్లు తాగిన సమయం లెక్కలోకి రావు. అది కదిలిన సమయపు సగటు. పరీక్షలో గడియారం ఎవరి కోసమూ ఆగదు. తెలంగాణ పోలీసు నియామకాల్లో పరుగు సమయాన్ని ఆర్ఎఫ్ఐడీ చిప్‌ల సాయంతో నమోదు చేశారు. సాధనలోనూ ఆటో పాజ్ సదుపాయాన్ని తీసేసి మొత్తం సమయాన్నే చూసుకోవడం మేలు.

చేతి గడియారం నొక్కేవారి స్పందన ఆలస్యం మరో చిక్కు. 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల ఫైనల్‌లో మిల్ఖా సింగ్‌కు చేతి గడియారం సమయం 45.6 సెకన్లు, ఎలక్ట్రానిక్ సమయం 45.73. ఒకే పరుగుకు రెండు అంకెలు. నాలుగు రౌండ్ల పరుగులో ఈ తేడా ప్రభావం తక్కువ. దూరం తగ్గేకొద్దీ అదే పెద్దదవుతుంది.

దశాంశాలను ఎక్కడ ఆపాలన్నదీ ముఖ్యమే. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష సమయం 55.42 సెకన్లు, కాంస్యం గెలిచిన రుమేనియా క్రీడాకారిణిది 55.41. దశాంశం తర్వాత ఒక్క అంకె దగ్గర ఆపేస్తే ఇద్దరిదీ 55.4. ఉష సగటు వేగం సెకనుకు 7.2 మీటర్లు. సెకనులో వందో వంతు అంటే ఆ వేగంతో ఏడు సెంటీమీటర్లు. పతకం పోయింది ఆ ఏడు సెంటీమీటర్ల దగ్గరే. మధ్యలో ఎక్కడా గుండ్రంగా సవరించకుండా చివరి ఫలితాన్ని మాత్రమే సవరించాలన్న నియమం ఇందుకే.

సగటు చెప్పనిది

2009 ఆగస్టు 16న బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తాడు. సగటు గంటకు 37.58 కిలోమీటర్లు. కానీ తొలి 20 మీటర్లకు 2.89 సెకన్లు పట్టింది, అంటే గంటకు 25 కిలోమీటర్లే. 60 నుంచి 80 మీటర్ల మధ్య 1.61 సెకన్లే పట్టింది, గంటకు దాదాపు 44.7 కిలోమీటర్లు. ఒకే పరుగులో ఇంత తేడా ఉన్నా సగటు దాన్ని ఒక్క అంకెలో ముడుచుకుంటుంది.

వేగంలోని హెచ్చుతగ్గులే కాదు, పరుగెత్తిన పరిస్థితులను కూడా సగటు దాచేస్తుంది. 2024 ఆగస్టు చివర్లో, సెప్టెంబర్ మొదట్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామక పరీక్షల సందర్భంగా పది మందికి పైగా అభ్యర్థులు మరణించారు. పురుషులు 60 నిమిషాల్లో 10 కిలోమీటర్లు పరుగెత్తాలన్నది నిబంధన. మరణాల కారణాలపై అధికార, ప్రతిపక్షాల మధ్య వాదోపవాదాలు నడిచాయి. ప్రభుత్వం పరీక్షలను కొన్ని రోజులు నిలిపివేసింది.

గంటలో 10 కిలోమీటర్లు అంటే సగటు వేగం గంటకు 10. పైన ఇచ్చిన పురుషుల పరీక్షలన్నింటికన్నా ఇదే తక్కువ. అంకె మాత్రమే చూస్తే అన్నింటికన్నా తేలికైన పరీక్ష ఇదే అనిపిస్తుంది. కానీ ఏడు నిమిషాల శ్రమ వేరు, గంటసేపు ఆగని శ్రమ వేరు. ఉక్కపోతలో చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. సమయం గడిచేకొద్దీ ఆ వేడి పేరుకుంటుంది. ఉద్యోగం పోతుందన్న భయంతో ఆగాల్సిన చోట ఆగనివారికి ప్రమాదం మరింత ఎక్కువ. ఒక పరీక్ష కష్టాన్ని తూచడానికి సగటు వేగంతో పాటు దూరం, ఎండ, తేమ, పరుగు పెట్టే వేళ, అభ్యర్థులకు దొరికిన సన్నద్ధత కాలం అన్నీ చూడాలి. నిబంధనలు రాసేవారికీ ఇది వర్తిస్తుంది.

సొంతంగా లెక్క కట్టుకునే పద్ధతి

కొలిచిన ట్రాక్ ఉంటే లోపలి లేన్‌లో పరుగెత్తాలి. లేకపోతే రోడ్డు మీద ఒక దూరాన్ని టేపుతో కొలిచి గుర్తు పెట్టుకోవాలి. ప్రతి రౌండు దగ్గర గడియారంలోని లాప్ బటన్ నొక్కాలి. పూర్తయ్యాక రౌండ్ల సమయాలన్నీ సెకన్లలో కూడాలి. మొత్తం దూరాన్ని మొత్తం సెకన్లతో భాగించి 3.6తో గుణిస్తే సగటు వేగం వస్తుంది. దాని పక్కనే ప్రతి రౌండు సమయాన్నీ రాసుకోవాలి.

ఉదాహరణకు ఒకరి నాలుగు రౌండ్లు 100, 107, 116, 109 సెకన్లు అనుకుందాం. మొత్తం 432. మూడు సెకన్ల మిగులుతో తెలంగాణ గడువులోపే ఉన్నట్టు. సగటు ఇక్కడ బాగానే ఉంది. రౌండ్ల చిట్టా మాత్రం ఇంకో సంగతి చెబుతోంది. మొదటి రౌండు అవసరానికి మించిన వేగంతో సాగింది, దాని ధర మూడో రౌండులో చెల్లించాల్సి వచ్చింది. తొలి రౌండును 106 దాకా తీసుకొస్తే మూడోది కూడా అదుపులోకి వచ్చే అవకాశం ఉంటుంది.

సాధనలో గడువుకు సరిగ్గా సరిపోయే వేగం చాలదు. పరీక్ష రోజున గుంపు ఉంటుంది, నిరీక్షణ ఉంటుంది, నిద్ర సరిపోదు. 435 సెకన్ల గడువుకు 420 సెకన్ల లక్ష్యం పెట్టుకుంటే రౌండుకు 105 సెకన్లు, గంటకు 13.71 కిలోమీటర్లు. ఆ పదిహేను సెకన్లు పరీక్ష రోజు ఇబ్బందులకు అక్కరకొస్తాయి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మాట తడబడటం వంటివి కనిపిస్తే మాత్రం గడియారంతో పని లేదు. వెంటనే ఆగి వైద్య సాయం తీసుకోవాలి.